సువార్తమ్మ ముక్కు, పదిహేడో మూట

పాలబావి సువార్తమ్మ ముక్కు ఎంత గొప్పదంటే, ఆమె తన ఇంటి అరుగు మీద కూర్చుని ఒక్కసారి గాలి పీల్చిందంటే చాలు, హాలండు దేశంలో ఏ అంగట్లో ఏ డబ్బాలో బూజు పట్టిన వేరుశనగ గింజ ఉందో చెప్పేస్తుంది. నమ్మకపోతే కళ్యాణదుర్గంలో షేర్ ఆటో ఎక్కి ఎవరినైనా అడగండి. ఆ ముక్కుకు ఇన్సూరెన్సు చేస్తామని ఇద్దరు ఆఫీసర్లు వచ్చి, దాని విలువ ఎంతో తేల్చలేక వెనక్కి పోయారని డ్రైవరే చెబుతాడు. ఆమెకు జలుబు చేసిన మూడు రోజులూ సముద్రం మీద ఓడలు ఎక్కడివక్కడే నిలబడిపోయాయని పక్క సీటాయన కలుపుతాడు. మీరు దిగేలోపల ఆ ముక్కు ఫోటో కూడా ఎవరో ఒకరు చూపిస్తారు.

ఆ ముక్కు గల మనిషికి యాభై నాలుగేళ్ళు. బక్కపలచని ఒళ్ళు, చర్చికి పోయేటప్పుడు తప్ప కాలికి చెప్పులుండవు. పదో ఏట అమ్మ వెంట వేరుశనగ మిల్లుకు పోయి గింజలు ఏరడానికి కూర్చుంది, లేవడానికి ఇంకా తీరిక దొరకలేదు. ముడుచుకున్నవి, పుచ్చినవి, మొలకెత్తినవి, బూజు పట్టినవి తీసిపారేసి నికరమైనవి ఒక పక్కకు పోయడం ఆమె పని. ఇన్నేళ్ళలో ఆ వేళ్ళ మధ్య నుంచి జారిన గింజల్ని వరుసగా పేరిస్తే చందమామ దాకా పోతాయి. తిరుగు ప్రయాణంలో గుంతకల్లులో రైలు మారడానికి కూడా కొన్ని మిగులుతాయి.

అందుకే ఆ వేళ్ళ మీద గీతలు మిగల్లేదు. రేషన్ షాపులో వేలిముద్ర యంత్రం ఆమెను మనిషిగా ఒప్పుకోదు. "నువ్వు ఇంకా పుట్టలేదంట సువార్తమ్మా, మిషను చెప్తాండాది" అని డీలరు ఏడిపిస్తాడు. "పుట్టినాక వస్తాలే, బియ్యం ఎత్తిపెట్టు" అని ఆమె నవ్వకుండా అంటుంది.

ఆమె భర్త కుళ్ళాయప్ప పన్నెండు గొర్రెలు మేపుకుంటాడు. ఆయన నోటి నుంచి ఒక మాట రావాలంటే బోరు లారీ తెప్పించి ఎనిమిది వందల అడుగులు దించాలి. అప్పుడు కూడా తడి మన్నే వస్తుంది తప్ప నీళ్ళు పడవు. అయితే ఏటా చలికాలంలో, కూలికి విత్తనపు కాయలు చేత్తో ఒలిచే రోజుల్లో, భార్య వేళ్ళు పగిలి నెత్తురు వస్తుంటే పొద్దున్నే ఆముదం వెచ్చచేసి ఒక్కో పగులులో చుక్క చుక్కగా వేసేది ఆయనే. ముప్పై ఏళ్ళుగా వేస్తున్నాడు. ఎవరైనా వస్తే గిన్నె మంచం కిందికి తోసేసి, ఆకాశంలో మబ్బులున్నాయా అన్నట్టు పైకి చూస్తాడు.

పాలబావిలో నలభై మంది ఆడవాళ్ళు కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. దానికి షెడ్డు ఇచ్చింది, పై ఊర్ల నుంచి బేరాలు తెచ్చేది దివాకర్. నూరెకరాల మెట్ట పొలం, మూడు సార్లు ఓడిన సర్పంచి ఎన్నిక, నాలుగోసారి మీద ఆశ ఆయన ఆస్తులు. లెక్కలు, ఫోన్లు, కంప్యూటరు చూసేది సరళ. అనంతపురంలో డిగ్రీ చదివి వచ్చిన పిల్ల. ఆమె తల్లి రామక్క సువార్తమ్మ పక్కనే కూర్చుని గింజలు ఏరుతుంది. ఇరవై ఏళ్ళ పక్కచోటు. రామక్క నోరు ఊరుకున్న రోజు ఆ షెడ్డులో కరెంటు పోయినట్టుంటుంది.

పోయిన ఏడాది ఆ షెడ్డుకు కెమెరా ఉన్న మిషను వచ్చింది. గింజలు బెల్టు మీద పోతుంటే అది ఒక్కొక్కదాన్నీ చూసి, చెడ్డదైతే గాలి ఊది పక్కకు నెట్టేస్తుంది. ఏఐ అంటారే, అది. అయితే దానికి పుట్టుకతో ఏమీ రాదు, ఎవరో నేర్పాలి. బెంగుళూరు నుంచి నలుగురు ఇంజనీర్లు వచ్చి, ఆ నలుగురి చదువూ కలిపి డెబ్బై ఏళ్ళున్నా, ఏది మంచి గింజో ఏది చెడ్డదో తెలియక సువార్తమ్మ ముందర చాప మీద కూర్చున్నారు.

"ఇది బాగలేదని ఎట్లా తెలుస్తుందమ్మా" అని ఒకాయన అడిగాడు.

"చూస్తే తెలుస్తాది."

"ఏం చూస్తారు?"

"బాగలేనిదాన్ని."

ఆయన అది రాసుకున్నాడు. చివరికి మూడు నెలలు ఆమె ఏరిన ప్రతి గింజకూ ఫోటో తీసి మిషనుకు చూపించారు. ఆ మిషను ఓనమాలు దిద్దింది సువార్తమ్మ దగ్గరే. ఇప్పుడు అది ఎప్పుడైనా ఒక మంచి గింజను తోసేస్తే, రామక్క "నీ శిష్యునికి కండ్లు మసకలు వచ్చినాయి, పోయి చెవి మెలిపెట్టు" అంటుంది.

మిషను వెనకనే ఇంకొకటి వచ్చింది, బ్లాక్‌చైన్. పేరు విని మొదట అందరూ అది మెడలో వేసుకునేదనుకున్నారు. సరళ అందరినీ కూర్చోబెట్టి చెప్పింది.

"ప్రతి మూటకూ ఒక నంబరు, ఒక చీటీ. ఎవరు ఒలిచినారు, ఎట్ల ఎండబెట్టినారు, ఏ దినం కట్టినారు, అన్నీ ఫోన్లో చెప్పల్ల. ఆ మాట మన దగ్గర ఒకటి, మద్రాసు గోడౌన్లో ఒకటి, ఓడ కంపెనీలో ఒకటి, హాలండులో కొనేవాళ్ళ దగ్గర ఒకటి, నాలుగు చోట్లా ఒకేసారి రాసుకుంటాది. ఒకరు దిద్దితే మిగిలిన మూడూ ఒప్పుకోవు."

"అంటే నలుగురి ముందర చెప్పిన మాట" అంది సువార్తమ్మ.

"అంతే పెద్దమ్మా. చెరపను ఎవరికీ కాదు."

"దివాకరన్నకు కూడానా?" అని రామక్క అడిగింది. అందరూ నవ్వారు. దివాకర్ కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా.

సువార్తమ్మ మాత్రం నవ్వలేదు. ఆమె మనసు వేరే చోటుంది. అమ్మ కాలంలో మిల్లు షావుకారు ఇనుప గొట్టంతో మూటను పొడిచి, నాలుగు గింజలు నోట్లో వేసుకుని, "మూడో రకం" అని ఉమ్మేసేవాడు. అమ్మ దినమంతా ఏరిన గింజలవి. "మంచివే సామీ" అని అమ్మ అంటే, ఆ మాట ఆయన చెవికి ఈగ మోతంత కూడా కాదు. ఇప్పుడు సముద్రం అవతల ఎవరో కూర్చుని, పాలబావి సువార్తమ్మ ఏం చెప్పింది అని అడుగుతున్నారు. ఆమె మాట ఒకటి ఉంటుందని, దాన్ని దాచిపెట్టుకుంటారని ఆమెకు యాభై నాలుగో ఏట తెలిసింది. ఆ దినం ఇంటికి పోయేటప్పుడు చెప్పుల్లేని కాళ్ళే కొంచెం ఎత్తుగా నడిచాయి.

డిసెంబరులో హాలండు వాళ్ళు మచ్చుకు నలభై మూటల గింజలు అడిగారు. అవి బాగుంటే ఏటా తీసుకుంటామన్నారు. సరిగ్గా అప్పుడే కాయలు కొట్టే మిషను మోటారు కాలిపోయింది. కొత్తది రావాలంటే పది రోజులు, లారీ పోవాల్సింది వారంలో. దాంతో తలా రెండు మూటల కాయలు ఇంటికి మోసుకుపోయి చేత్తోనే ఒలవాలని ఒప్పుకున్నారు. రెండు మూటల కాయలు ఒలిస్తే ఒక మూట గింజలు. సువార్తమ్మకు వచ్చిన నంబరు పదిహేడు.

మొదటి దినమే ఆమె బొటనవేలు నిలువునా పగిలింది. పగలు షెడ్డు పనికి పోతూ, పొద్దుగూకాక వేలికి గుడ్డ చుట్టుకుని ఒలిచింది. రెండో దినం నుంచి ఎందుకో కాయ మెత్తగా, ఇట్టే విచ్చుకుంటూ వచ్చింది. దేవుడు చూశాడనుకుంది. ఆరో దినానికి గింజలు ఎండలో ఆరబోసి, మూట నింపి, షెడ్డుకు తెచ్చింది. కెమెరా మిషను గింజల్ని చూసి తలూపింది. సువార్తమ్మ గుప్పెడు తీసి వాసన చూసింది, ఆమె ముక్కూ తలూపింది. సరళ ఫోను పట్టుకుంటే అందులోని గొంతు ఒక్కొక్కటీ అడిగింది.

"కాయల మీద నీళ్ళు చల్లారా?"

"లేదు" అంది సువార్తమ్మ.

ఆ మాట ఆమె గొంతుతోనే నాలుగు చోట్లకు పోయి కూర్చుంది. సాయంత్రానికి లారీ మద్రాసు దారి పట్టింది.

మరుసటి రోజు పొద్దున్నే కుళ్ళాయప్ప ఆముదం గిన్నె తెచ్చుకుని ఆమె చెయ్యి తన మోకాలి మీద పెట్టుకున్నాడు. బొటనవేలి పగులు మూసుకుపోతోంది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆయన మొహంలో, ఒక బోరులో నీళ్ళు పడినంత సంతోషం.

"ఈ తూరి బిన్నా మానింది. పోయినేడు పది దినాలు పట్టినాది" అన్నాడు.

"కాయ మెత్తగుండె ఈ తూరి."

"ఎందుకుండదు?" అన్నాడాయన, వేలు మీద చుక్క వేస్తూ. "నువ్వు షెడ్డుకు పోయినాక దినమూ నీళ్ళు చిలకరించి గోనెపట్ట కప్పి పెడ్తాంటి. నువ్వు వచ్చే యాలకు పట్ట తీసేస్తాంటి."

సువార్తమ్మ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

ఆ ప్రాంతంలో అది తరతరాల పద్ధతి. కాయ మీద నీళ్ళు చల్లి కప్పి ఉంచితే తొక్క నాని సులువుగా వస్తుంది, గింజ విరగదు. ఆమె అమ్మ చల్లింది, అవ్వ చల్లింది. అయితే ఆ తడే లోపల బూజుకు పరుపు వేస్తుందని, ఆ బూజు విషం కంటికి కనబడకుండా గింజలోకి దిగుతుందని, పరదేశాల వాళ్ళు దానికే భయపడతారని సంఘంలో మూడు మీటింగులు పెట్టి చెప్పారు. మూడూ ఆడవాళ్ళకే పెట్టారు. ఆ మూడు దినాలూ పాలబావి మగవాళ్ళు గొర్రెల వెనక ఉన్నారు.

"నీళ్ళు చల్లగూడదంట" అంది సువార్తమ్మ మెల్లగా. "ఇసం పడ్తాదంట."

కుళ్ళాయప్ప గిన్నె కింద పెట్టాడు. "నాకు చెప్పినోళ్ళెవరు" అన్నాడు. అది కోపం కాదు. చేసిన పని మంచిదో చెడ్డదో ఉన్నట్టుండి తెలియకుండా పోయిన మనిషి అడిగే మాట అది.

"ఎవరూ చెప్పల్యా. నేనూ చెప్పల్యా." ఆమె మిగిలిన నూనె తనే వేలికి రాసుకుని లేచింది.

షెడ్డులో రామక్క, సరళ ఉన్నారు. సువార్తమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. సరళ గబగబా లారీ చీటీ తీసి చూసింది. మద్రాసు గోడౌన్లో మరుసటి పొద్దున నలభై మూటలూ ఒక పెద్ద తొట్టిలో పోసి కలిపేస్తారు. కలిపాక పదిహేడో మూట, పద్దెనిమిదో మూట అని ఉండదు. ఒకటి చెడ్డదైతే నలభై చెడ్డవి.

"చెడ్డదని ఎవరు చెప్పినారు?" అని రామక్క లేచింది. "మిషను బాగుండాదనె. నీ ముక్కు బాగుండాదనె. మీ ఆయప్ప రెండు చెంబుల నీళ్ళు చల్లితే హాలండు మునిగిపోతాదా? నోరు మూసుకోని గింజలు ఏరు."

"మిషనుకు నేను నేర్పినంతే తెలుస్తాది రామక్కా. లోపల తడి నాకే కనపడల్యా, దానికేం కనపడ్తాది."

దివాకర్‌కు ఫోను చేశారు. ఆయన పది నిమిషాల్లో బుల్లెట్ మీద వచ్చాడు. "సువార్తమ్మా, ఈ బేరం కోసరం నేను మద్రాసుకు ఆరు తూర్లు తిరిగినా. రాసిపెడితే అది ఎన్నాళ్ళయినా కనపడ్తానే ఉంటాది, తెలుసా. పాలబావోళ్ళు అబద్ధం చెప్పినారని లోకమంతా చదువుతాది. ఊరికే ఉండు. ఏమన్నా వస్తే నేను చూసుకుంటా."

ఆయన మాటలో తప్పు లేదు. నలభై ఇళ్ళ ఆశ ఆ లారీ మీద ఉంది. అందులో సువార్తమ్మ ఆశ కూడా ఉంది. చెబితే నలభై మందీ ఆమెను చూసే చూపు ఎట్లా ఉంటుందో ఆమెకు తెలుసు. చెప్పకపోతే, "లేదు" అనే ఆ ఒక్క మాట ఆమె గొంతుతో నాలుగు చోట్ల అట్లాగే కూర్చుని ఉంటుంది. పుట్టి బుద్ధెరిగాక తన మాటను ఎవరో దాచిపెట్టుకున్నది ఒకే ఒక్కసారి, అది కూడా అబద్ధమై కూర్చుంది.

"సరళా, ముందర చెప్పింది చెరపను కాదు గదా?"

"కాదు పెద్దమ్మా."

"దాని కింద ఇంకోటి చెప్పను అయితాదా?"

"అయితాది. రెండూ ఉంటాయి."

"ఫోను ఇట్ల తే."

రామక్క మొహం పక్కకు తిప్పుకుంది. దివాకర్ బుల్లెట్ తాళం వేళ్ళ మీద తిప్పుతూ నిలబడ్డాడు. సువార్తమ్మ ఫోను నోటికి మరీ దగ్గరగా పెట్టుకుని, దూరంగా ఉన్నవాళ్ళతో మాట్లాడేటప్పుడు మాట్లాడినట్టు గట్టిగా చెప్పింది.

"పదిహేడో మూట. నీళ్ళు చల్లినారు. నిన్న లేదని చెప్పినా, నాకు తెలీక చెప్పినా. ఆ మూట కలపొద్దండి. మిగిలినవాళ్ళవి మంచివి."

"ఎవరు చల్లారు?" అని ఫోను గొంతు అడిగింది.

షెడ్డు వాకిలి దగ్గర కుళ్ళాయప్ప నిలబడి ఉన్నాడు. ఆమె వెనకనే వచ్చాడు. గొర్రెల్ని కూడా తోలలేదు. ఆమె ఆయన వైపు చూసింది. జవాబు చెప్పకుండా ఫోను సరళ చేతికి ఇచ్చేసింది. చీటీలో ఆ ఒక్క గడి ఖాళీగా ఉండిపోయింది.

తర్వాత నాలుగు దినాలు రామక్క మాట్లాడలేదు. చాప ఇంకో మూలకు లాక్కుంది. కుళ్ళాయప్ప సంగటి ముద్ద ముందర పెట్టుకుని దాన్ని ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలియనట్టు కూర్చునేవాడు. మూడో దినం సువార్తమ్మ తనే ముద్ద తుంచి, పులుసులో ముంచి ఆయన నోటి దగ్గర పెట్టింది. పెళ్ళినాడు తప్ప ఆమె ఎన్నడూ అట్లా పెట్టలేదు. ఆయన తిన్నాడు. మబ్బుల కోసం పైకి చూశాడు. పైన ఇంటి కప్పు ఉంది.

ఐదో దినం మద్రాసు నుంచి పరీక్ష ఫలితం వచ్చింది. పదిహేడో మూటను ఆమె చెప్పిన మరునాడు పొద్దున, కలపకముందే పక్కకు తీశారు. అందులో బూజు విషం ఉంది, ఉండనిచ్చే హద్దుకు మూడింతలు. మిగిలిన ముప్పై తొమ్మిదీ శుభ్రం. ఆ ముప్పై తొమ్మిదీ ఓడ ఎక్కాయి. వెనకటి పద్ధతిలో అయితే లారీ మొత్తం వెనక్కి వచ్చేదే, ఏ ఇంటి మూట చెడిందో ఎవరికీ తెలిసేది కాదు, ఇరవై ఏళ్ళు ఒకరి మీద ఒకరు అనుమానంతో బతికేవాళ్ళు. రామక్క చాప పాత చోటికి వచ్చింది. "ఆ మూలలో దోమలెక్కువ" అంది.

అదే వారంలో ఊరంతా కథ పుట్టింది. దాన్ని పుట్టించింది దివాకరే. లారీ పోయిన దారిలో గాలి వెనక్కి తిరిగిందని, సువార్తమ్మ ఆ గాలి పీల్చి "పదిహేడు" అని కేక వేసిందని ఆయన పది మందికి చెప్పాడు. ఆ పది మంది వెయ్యి మందికి చెప్పారు.

జనవరిలో హాలండు కంపెనీ నుంచి ఒకామె వీడియోలో మాట్లాడాలంది. పదిహేడో మూట మనిషిని చూడాలని ఉందట. షెడ్డులో గోడకు తెల్ల దుప్పటి కట్టి, దాని మీద ఆమెను కనబడేటట్టు చేశారు. నెరిసిన జుట్టు, కళ్ళద్దాలు, నవ్వు మొహం. ఆమె ఏదో అంటే కంప్యూటరే తెలుగులోకి మార్చి చెబుతోంది. నలభై మందీ ఉతికిన చీరల్లో కూర్చున్నారు. ఏటా తీసుకునే సంగతి ఆ దినమే తేలుతుందని అందరికీ తెలుసు. దివాకర్ ముందు వరుసలో నిలబడి, దుప్పటి వైపు తిరిగి దణ్ణం పెట్టి మొదలుపెట్టాడు.

"మా సువార్తమ్మ ముక్కు మామూలుది గాదు మేడం. మిషను పట్టలేనిదాన్ని ఆమె వాసనతో పట్టింది. ఈమె ఉన్నన్నాళ్ళూ మీకు భయం లేదు."

కంప్యూటరు ఆ మాటను అటు చేర్చింది. ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. ముందుకు వంగి, నేరుగా సువార్తమ్మను అడిగింది. కంప్యూటరు గొంతు తెలుగులో చెప్పింది.

"నిజమా అమ్మా? వాసనతోనే తెలిసిందా?"

రామక్క మోచేత్తో పొడిచింది, అవునను అన్నట్టు. దివాకర్ కనుబొమలు ఎత్తాడు. వాకిలి దగ్గర నిలబడిన కుళ్ళాయప్ప కూడా తల ఊపాడు. ఆ ముక్కు కథ ఆయనకు నీడగా ఉంది, దాని కింద ఉంటే ఆయన్ను ఎవరూ చూడరు. దుప్పటి మూలలో, అంతా రికార్డు అవుతోందన్నట్టు, ఎర్ర చుక్క ఒకటి వెలుగుతోంది. ఈ మాటలు కూడా నాలుగు చోట్ల కూర్చోబోతున్నాయి.

సువార్తమ్మ లేచి నిలబడి, వాకిలి వైపు చూసి, చెయ్యి ఊపి ఆయన్ను లోపలికి రమ్మంది. ఆయన వచ్చి పక్కన నిలబడ్డాకే మాట్లాడింది. ఆ ఏడు పాలబావి నుంచి మూడు లారీలు పోయాయి. ముక్కు వల్లే పోయాయని కళ్యాణదుర్గం ఈనాటికీ నమ్ముతుంది. కానీ ఆమె, ఎవరు చల్లారని ఫోను అడిగినప్పుడు ఖాళీగా వదిలేసిన గడిని నింపుతూ దుప్పటితో అన్నది ఇంతే:

"ముక్కు గాదు తల్లీ. నా ముక్కుకు ఏమీ తెలీల్యా. నీళ్ళు చల్లింది మా ఇంటాయప్ప, నా ఏలు పగిలిందని చల్లినాడు. చల్లినానని చెప్పింది గూడా ఈయప్పే. చెప్పకపోయింటే నాకూ తెలీదు, మిషనుకూ తెలీదు."